12-0-12 ట్రాన్స్‌ఫార్మర్‌తో యూరోరాక్ సప్లై: లీనియరా, ఎస్ఎమ్‌పీఎస్సా?

మీట_నొక్కు: మాడ్యులర్ సింథ్ (విడి మాడ్యూల్స్ కలిపి కట్టుకునే యూరోరాక్ తరహా సింథసైజర్) కోసం సొంతంగా పవర్ సప్లై కట్టాను. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న 12-0-12, 1 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్ బ్రిడ్జి, ఒక్కో వైపు 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్, రెగ్యులేటర్లుగా 7812 (ప్లస్ 12కి), 7912 (మైనస్ 12కి). ఖాళీగా కొలిస్తే ప్లస్ 12, మైనస్ 12 సరిగ్గా ఉన్నాయి. మూడు నాలుగు మాడ్యూల్స్ వరకు బాగానే ఉంటుంది. ఐదోది తగిలిస్తే గుంయ్‌మని మోత. రాత్రి పది దాటాక అదే తగ్గిపోతుంది. ఈ లీనియర్ (ట్రాన్స్‌ఫార్మర్, రెగ్యులేటర్) పద్ధతి వదిలి ఎస్ఎమ్‌పీఎస్‌కి (స్విచ్చింగ్ సప్లైకి) మారిపోనా?

సోల్డర్_పొగ: మారొద్దు తమ్ముడూ. సింథ్‌లో స్వరాన్ని నిర్ణయించేది వోల్టేజే. ఆక్టేవ్‌కి 1 వోల్ట్ లెక్కలో సెమీటోన్ (పక్క స్వరం) అంటే 83 మిల్లీవోల్టులే. స్విచ్చింగ్ చెత్త అందులో కలిస్తే ఆసిలేటర్ శ్రుతి నిలవదు. నేను ఆన్‌లైన్‌లో కొన్న స్విచ్చింగ్ సప్లై మైనస్ వైపు కూలిపోయి ఫిల్టర్ ఐసీలు పోయాయి. అమ్మినవాడు ఫోన్ కూడా ఎత్తలేదు.

తరంగం66: మీకు నాసిరకం సరుకు దొరికింది, అంతే. స్విచ్చింగ్ ఫ్రీక్వెన్సీ చెవికి అందదు, మంచి ఫిల్టర్ పెడితే సరిపోతుంది. ఇతనికి వినిపిస్తున్నది మీ లీనియర్ మోతే.

గల్లీ_మెకానిక్: రెండు రెగ్యులేటర్లూ ఒకే హీట్‌సింక్ మీద ఉన్నాయా? 7912 ట్యాబ్ గ్రౌండ్ కాదు, ఇన్‌పుట్. మధ్యలో మైకా రేకు (ఇన్సులేటర్) లేకపోతే షార్ట్.

మీట_నొక్కు: మైకా వేశానండీ.

ఎర్త్_రాజు: ముందు ఎర్త్ చూడండి. మా అద్దె ఇంట్లో మూడో పిన్ ఉత్తదే. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకితే మోత ఆగింది.

మీట_నొక్కు: ల్యాప్‌టాప్ తగిలించలేదు. హెడ్‌ఫోన్స్‌లోనూ మోతే.

ఎర్త్_రాజు: అయినా ఎర్త్ చూడండి.

ఓం_నియమం: ఎర్త్ సంగతి తర్వాత. ఈయన రాత్రి పది అన్నది ఎవరూ పట్టించుకోరేం? 12 వోల్ట్ ఎసి శిఖరం 17, డయోడ్ పోగా 16. ఐదు మాడ్యూల్స్ అర ఆంపియర్ లాగితే 4700 మీద 100 హెర్ట్జ్ రిపిల్ (వోల్టేజ్ ఎగుడుదిగుడు) ఒక వోల్ట్. దాని అడుగు (కనిష్ఠం) 15 దగ్గర ఉంటుంది. 7812కి లోపలికి 14 అయినా రావాలి, కాబట్టి 230 ఉన్నంతసేపు నడుస్తుంది. సాయంత్రం అందరూ ఏసీలు వేసుకుని లైన్ 200కి పడితే అడుగు 13 కూడా ఉండదు. రెగ్యులేటర్ ఆపలేని ఆ రిపిలే మీకు వినిపిస్తోంది. మోత ఉన్నప్పుడే, లోడ్ మీదే, 7812 ఇన్‌పుట్ కొలవండి. ఖాళీగా కొలిచిన 12 ఏమీ చెప్పదు. 15-0-15 పెడితే 200 దగ్గర కూడా అడుగు 16 దాటుతుంది. హీట్‌సింక్ మాత్రం పెద్దది కావాలి.

తరంగం66: ట్రాన్స్‌ఫార్మర్ మార్చు, హీట్‌సింక్ మార్చు... లైన్ 200కి పడినా చలించనిది ఎస్ఎమ్‌పీఎస్. ఇంకా ఈ పాత రేడియో పద్ధతులెందుకు?

సోల్డర్_పొగ: పాతదని తీసిపారేయకండి. ఆ పెట్టె పోతే మా ఊళ్లో విప్పేవాడు లేడు. 7812 ఏ రేడియో షాపులోనైనా ఉంటుంది, కుర్రాడే మార్చుకుంటాడు. నేర్చుకోకుండా కొనేసుకోమని చెప్పడానికి ఈ చర్చ దేనికి?

తరంగం66: నేర్చుకోవద్దని నేనెప్పుడన్నాను? సోల్డరింగ్ మొదలుపెట్టిన ప్రతివాడితో మీరు 230 వోల్టుల వైరింగ్ చేయిస్తున్నారు, నా బాధ అది. మా అన్నయ్య మూత లేని యాంప్లిఫైర్ పెట్టెలో చెయ్యి పెట్టి చావు తప్పి బయటపడ్డాడు. నాయిస్ ఎంతైనా సర్దుకుంటాను, అది మాత్రం ఒప్పుకోను.

సోల్డర్_పొగ: ఆ మాట మొదటే అనాల్సింది. నేను చెక్కపెట్టెలో టేపు చుట్టి వదిలెయ్యమనలేదు కదా. కానీ భయపెట్టి ఆపేస్తే ఇంకెవరూ ముట్టుకోరు.

గల్లీ_మెకానిక్: ఎసి అడాప్టర్ (డిసి కాకుండా తక్కువ వోల్టేజ్ ఎసినే ఇచ్చేది) వాడితే 230 బయటే ఉండిపోతుంది. సగం తరంగం కాబట్టి 50 హెర్ట్జ్, కెపాసిటర్లు రెట్టింపు పెట్టాలి.

తరంగం66: దానికి నాకు అభ్యంతరం లేదు.

సోల్డర్_పొగ: దాంతో ఎన్ని మాడ్యూల్స్ నడుస్తాయి? నేను ఒప్పుకోను.

మీట_నొక్కు: ఇప్పుడే కొలిచాను. లైన్ 201. ఐదు మాడ్యూల్స్‌తో 7812 ముందు 13.4, ఒకటి తీస్తే మోత తగ్గింది. 15-0-15 తెస్తాను. ప్రైమరీలో ఫ్యూజ్ ఎంత పెట్టాలి?

ఓం_నియమం: 1 ఆంపియర్‌దే అయితే 250 మిల్లీఆంపియర్, స్లో బ్లో (కాస్త ఆలస్యంగా కాలే రకం). ఫేజ్ వైరులో, స్విచ్ కంటే ముందు.

తరంగం66: ఆన్ చేసేముందు పెట్టె ఫొటో ఇక్కడ పెట్టండి. లోహపు పెట్టె అయితే దానికి ఎర్త్ కలిపారో లేదో కనిపించాలి.

ఎర్త్_రాజు: నేను మొదటినుంచీ అదే అంటున్నాను.