పాత చర్చి ఆర్గన్ ఏ సంవత్సరానిదో తెలుసుకోవడం ఎలా?

నల్లగొండ జిల్లాలోని మా ఊరి చర్చిలో కాలితో తొక్కి వాయించే పాత రీడ్ ఆర్గన్ ఉంది. మూతపడిన ఒక మిషన్ బంగళా నుంచి ఎడ్లబండి మీద తెచ్చారని పెద్దలు చెబుతారు. ఎలుకలు కొరికిన తిత్తులకు ఈ వేసవిలో హైదరాబాదులో కొత్త గుడ్డ వేయించాం. ఇప్పుడు చక్కగా పలుకుతోంది. దాని చరిత్ర రాయించి చర్చిలో పెట్టాలని ఉంది. కానీ ముందు పలకను ఎప్పుడో మార్చేయడంతో కంపెనీ పేరు పోయింది.

ఎఫ్ స్వరం నుంచి ఎఫ్ స్వరం వరకు వేళ్లతో నొక్కే 61 మెట్లు, ఇత్తడి రీడ్లు (గాలికి కంపించి పలికే రేకులు). హార్మోనియంలా గాలిని బయటికి నెట్టదు, లోపలికి పీల్చుకుంటుంది. అంటే అమెరికా పద్ధతి. 'వాక్స్ హ్యుమానా' అన్న స్టాపు (స్వరం తీరు మార్చే పిడి) లాగితే లోపల రెక్కల చక్రం తిరిగి స్వరం సన్నగా వణుకుతుంది. ఎంత బాగుంటుందో!

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని ఎస్టీ కంపెనీ ఆర్గన్లకు వరుస సంఖ్యను బట్టి సంవత్సరం చెప్పవచ్చని తెలిసి వెనుక చెక్క అంతా వెతికాం. చెదలు తినగా 47 అనే చివరి అంకెలే మిగిలాయి. చర్చి రిజిస్టర్లలో ఆర్గన్ ప్రస్తావనే లేదు. మెట్లు, రీడ్ల పెట్టె ఇంకా విప్పలేదు.

ఇలాంటి ఆర్గన్లలో వెనుక చెక్క మీద కాకుండా వరుస సంఖ్య గానీ తేదీ గానీ ఇంకెక్కడ రాసి ఉంటుంది?