నీల్ యంగ్‌ని ఎటునుంచి మొదలెట్టాలి: ఆల్బమ్‌లా, లైవ్‌లా?

కొత్తచెవి

అందరికీ నమస్తే. పాత రాక్ వినడం మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు, తెలియక ఏమన్నా అంటే ఏమనుకోకండి. ఆఫీసులో ఒకాయన నీల్ యంగ్ 'హార్వెస్ట్' వినమన్నాడు. 1972 నాటిది. అకూస్టిక్ గిటార్, హార్మోనికా, సన్నటి గొంతు. నాలుగు రోజులు అదే మోగింది మా ఇంట్లో. ఆ ఊపులో ఇదే మనిషిది 'వెల్డ్' అని 1991 లైవ్ ఒకటి పెట్టాను. పావుగంటకి మా ఆవిడ వచ్చి "మిక్సీలో చెంచా గానీ పడిందా?" అని అడిగింది. నాకైతే ఇద్దరు వేరే మనుషులనిపించింది.

నా సందేహాలు రెండు. ఈ కెనడా ఆయనవి స్టూడియో ఆల్బమ్‌లే నలభై దాటాయట, లైవ్‌లు వేరే. ఎటునుంచి మొదలెట్టాలి? రెండోది, స్టేజీ ఎక్కితే జనానికి తెలిసిన పాటలు పాడడని ఎక్కడో చదివాను. డబ్బు పెట్టి టికెట్ కొన్నవాళ్ల సంగతేమిటి మరి?

సికింద్రాబాద్ సైడ్ బీ

భయ్యా, మీ మిక్సీ మంచిగనే ఉంది. 'వెల్డ్' టూర్ నడిచినప్పుడు అమెరికాల ఏ టీవీ పెట్టినా గల్ఫ్ యుద్ధమే. అందుకే బాబ్ డిలన్ పాట 'బ్లోయిన్ ఇన్ ద విండ్' పాడుకుంట దాంట్ల సైరన్లు, పేలుళ్లు కలిపిండు. ఆ సప్పుడుకు ఆయన చెవులే ఖరాబైనయ్. చెవులల్ల గుయ్యిమంటుంటే గట్టిది ఏదీ వినబుద్ధి గాక, మరుసటేడు 'హార్వెస్ట్ మూన్' అని మెత్తటి ఆల్బమ్ చేసిండు. నువ్వు ఇద్దరు మనుషులు అనుకున్నవ్ గదా, ఒకని పుణ్యాన్నే ఇంకొకడు వచ్చిండు.

నా లెక్కల ముందు ఆల్బమ్‌లే. 1969ది 'ఎవ్రీబడీ నోస్ దిస్ ఈజ్ నోవేర్' తీస్కో. క్రేజీ హార్స్ బ్యాండ్‌తోని మొదటిది. దాంట్ల 'డౌన్ బై ద రివర్' తొమ్మిది నిమిషాలు ఉంటది. లైట్లు బంద్ చేసి మొదటి గిటార్ సోలో విను. ఒక్కటే నోటు, అంటే ఒక్కటే స్వరం. టక్ టక్ టక్, జరంత ఆగి మళ్ల అదే. వేరేటోడైతే ఆపాటికి ఫ్రెట్లన్నీ చుట్టొచ్చేటోడు. ఈయన మూసిన తలుపు కొట్టినట్టు అదే నోటు కొట్టుకుంట నిలబడ్డడు. వెనక డ్రమ్ములు సుత తొందరపడయ్. ఆ తలుపు నీకు తెరుసుకుంటే 'వెల్డ్' దానంతటదే తెరుసుకుంటది. తెరుసుకోకపోతే 'హార్వెస్ట్' తోనే ఖుషీగ ఉండు, ఏం తప్పు లేదు.

రాయబారం

సైడ్ బీ గారితో సగం ఏకీభవిస్తాను. మిగతా సగం ఎందుకు కాదంటే, ఈ మనిషి విషయంలో ఇది ఆల్బమ్, ఇది లైవ్ అని గీత గీయబోతే ఆ గీత మన చేతుల్లోనే చెరిగిపోతుంది. 1979లో వచ్చిన 'రస్ట్ నెవర్ స్లీప్స్' చూడండి. చాలా భాగం కచేరీల్లో రికార్డు చేసి, చప్పట్లూ ఈలలూ తుడిచేసి, పైన కాస్త మెరుగులు దిద్ది వదిలారు. అదే టూరు చప్పట్లతో సహా కావాలంటే అదే ఏడాది 'లైవ్ రస్ట్' వచ్చింది. ఆ టూరులో స్టేజీ మీద ఇంటెత్తు ఆంప్‌లు, అంటే గిటార్ స్పీకర్ పెట్టెలు, పెట్టారు, వాటి మధ్య ఈయన చిన్నపిల్లాడిలా కనిపించాలని. సామాన్లు మోసేవాళ్లకి ముసుగు అంగీలు. మన సురభి వాళ్లు చూస్తే సెట్టింగు బాగుందనేవారు.

'రస్ట్ నెవర్ స్లీప్స్' మొదటి వైపంతా అకూస్టిక్, రెండో వైపు క్రేజీ హార్స్‌తో కరెంటు గిటార్లు. ఒకే పాట మొదట్లో నెమ్మదిగా వచ్చి, చివర రంపంలా తిరిగొస్తుంది. 'హార్వెస్ట్'కీ 'వెల్డ్'కీ మధ్య చిక్కుకున్న కొత్తచెవి గారికి ఇంతకంటే దగ్గర దారి లేదు.

ఫ్రీమాంట్ పిన్ని

రెండో ప్రశ్న అందరూ వదిలేశారు, అది నేను తీసుకుంటా.

కాలిఫోర్నియాకొచ్చి ఇరవై ఏళ్లు దాటింది. మా పక్కనే మౌంటెన్ వ్యూలో షోర్‌లైన్ అని ఆరుబయట థియేటరుంది. ఏటా అక్టోబర్‌లో అక్కడ బ్రిడ్జ్ స్కూల్ కచేరీ జరిగేది. మాట రాని, కదలలేని పిల్లల బడి కోసం నీల్ యంగ్, అప్పటి ఆయన భార్య పెగీ 1986లో మొదలుపెట్టారు, 2016 దాకా నడిచింది. అందరూ అకూస్టిక్‌గానే వాయించాలి. స్టేజీ వెనకవైపు చక్రాల కుర్చీల్లో ఆ బడి పిల్లలు కూర్చునేవారు. మేము గడ్డి మీద దుప్పటి పరుచుకుని, పులిహోర డబ్బా విప్పబోతుంటే ఈయన ఒక్కడే టోపీ పెట్టుకుని వచ్చి హార్మోనికా ఊదాడు. పాడుతూ మధ్యలో వెనక్కి తిరిగి పిల్లలకేసి చూశాడు. డబ్బా మూత చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయా.

ఆ మనిషేనని నమ్మి 2012లో క్రేజీ హార్స్ షోకి మా వారిని కూడా లాక్కెళ్లాను. టికెట్ల ఖర్చు ఎంతో చెబితే మీరు నన్ను తిడతారు. కొత్త పాటల మీద కొత్త పాటలు. 'వాక్ లైక్ ఎ జయంట్' అని ఒకటి, పాటంతా అయిపోయాక కూడా దడేల్... దడేల్... అని రాక్షసుడు మెట్లు దిగుతున్నట్టు గిటార్ మోత, నిమిషాల తరబడి. మా వారు పార్కింగ్‌లో కూర్చుంటానని వెళ్లిపోయారు. నేను కొన్నది టికెట్టు. ఆయన డైరీ కాదు. ఒక్క నాలుగు పాత పాటలు పాడితే ఏం అరిగిపోతాడు?

రాయబారం

పిన్నిగారూ, మీ బాధ అర్థమైంది. కానీ 1971 జనవరికి ఒకసారి వెళ్లొద్దాం. టొరంటోలో మాస్సీ హాల్. ఆయన పుట్టిన ఊరు, వయసు పాతికేళ్లు. ఒక్కడే గిటారూ పియానోతో కూర్చుని ఆ రాత్రి 'ఓల్డ్ మ్యాన్', 'హార్ట్ ఆఫ్ గోల్డ్' పాడాడు. 'హార్వెస్ట్' రావడానికి ఇంకా ఏడాది పైనే ఉంది. అంటే హాల్లో ఉన్నవాళ్లకి అవి ఊరూ పేరూ లేని కొత్త పాటలు. వాళ్లు మీలాగే పాతవి పాడమని పట్టుబట్టి ఉంటే?

ఇంకో ముచ్చట. ఆ కచేరీనే రికార్డుగా వెయ్యమని నిర్మాత డేవిడ్ బ్రిగ్స్ గట్టిగా పట్టుబట్టాడు. ఈయన వినలేదు, 'హార్వెస్ట్' సెషన్లు బాగా వచ్చాయన్న ఉత్సాహంలో ఉన్నాడు. చివరికి 2007లో 'లైవ్ ఎట్ మాస్సీ హాల్ 1971' బయటికొచ్చినప్పుడు, ఎందుకు పట్టుబట్టాడో ఇప్పుడు తెలిసిందని తనే రాసుకున్నాడు. అప్పటికి బ్రిగ్స్ పోయి పదకొండేళ్లు దాటింది. ఆల్బమ్ గొప్పదా లైవ్ గొప్పదా అన్న మన తగువు వాళ్లిద్దరి మధ్య అప్పుడే నడిచిందన్నమాట.

ఫ్రీమాంట్ పిన్ని

బాగుంది బాబూ. కొత్త పాట 'ఓల్డ్ మ్యాన్' అంతటిదైతే నేనూ నోరు మూసుకుని వింటా. 'డ్రిఫ్టిన్ బ్యాక్' లాగా ఇరవై ఏడు నిమిషాలైతే వినను. పాతికేళ్ల పిల్లాడి కొత్త పాటకీ, అరవై ఏడేళ్ల ఆయన కొత్త పాటకీ ఒకే తూకంరాళ్లు వేస్తున్నారు మీరు.

వాల్తేరు వాదన

హమ్మయ్య, ఒక్కరైనా నిజం మాట్లాడారు. ఇక్కడ మిగతాదంతా భజన. ఎనభైల గురించి ఎవరూ ఎత్తరేం? 'ట్రాన్స్' ఆల్బమ్‌లో వోకోడర్ అనే యంత్రం పెట్టి గొంతు మరమనిషిలా చేశాడు. దాని వెనకే పాతికో ఎంతో నిమిషాల రాకబిల్లీ (యాభైల నాటి రాక్) ఆల్బమ్ ఒకటి. ఆఖరికి సొంత రికార్డు కంపెనీ గెఫెన్, నీ సంగీతం నీ సంగీతంలా లేదని 1983లో ముప్పై మూడు లక్షల డాలర్లకి దావా వేసింది! ఆ దావా పరువు తక్కువే, ఒప్పుకుంటా. కానీ ప్రతి ఆలోచననీ రికార్డు చేసి జనం మీదికి వదిలే మనిషికి అడ్డు చెప్పేవాడు ఒకడుండాలి. నలభై ఆల్బమ్‌లలో ఎనిమిది ఉంచుకుని మిగతావి అటక ఎక్కించొచ్చు.

సికింద్రాబాద్ సైడ్ బీ

'ట్రాన్స్' జోలికి రాకు అన్నా. ఆయన కొడుకు బెన్‌కు సెరిబ్రల్ పాల్సీ, మాట రాదు. కొడుకుతోని మాట్లాడదామని చేసే తిప్పలే ఆ మర గొంతు. మాటలు అర్థం కాకుండ పెట్టుడే అండ్ల పాయింటు. ఆయన చెప్పేదాక ఎవ్వరికీ సమజ్ కాలే. పిన్ని చెప్పిన బడి సుత గట్లనే పుట్టింది.

వాల్తేరు వాదన

ఆ సంగతి తెలుసు. కథ తెలిశాక ఆ ఆల్బమ్ మీద గౌరవం పెరిగింది, వినాలన్న కోరిక మాత్రం పెరగలేదు. రెండూ వేరు కదండీ.

మేళకర్త 73

వీణ నేర్పుకుంటూ బతికేదాన్ని, మా అబ్బాయి పుణ్యమా అని ఈయన్ని విన్నాను. ఈ పొడుగు సోలోలని మన ఆలాపనతో పోలుస్తూ వేరేచోట ఎవరో రాశారు. దయచేసి వద్దు. ఆలాపనలో రాగం ఒక్కో స్వరం దగ్గరా విచ్చుకుంటూ పైకి వెళ్తుంది. ఈయన అసలు ఎక్కడికీ వెళ్లడు. నాకు డప్పు గుర్తొచ్చింది. జాతరలో డప్పు వాయించేవాడు దరువు మార్చకుండా అరగంట కొడతాడు, పది నిమిషాలు దాటాక మారేది మనం. సంగీతం తక్కువదని కాదు నేననేది, కొలిచే గిన్నె వేరని. పిన్నిగారి మోత సంగతి మాత్రం నాకూ నచ్చలేదు, దరువైనా లేకపోతే ఎలా?

రాయబారం

మేళకర్త గారి డప్పు మాటకి నా ఓటు. జనం అడిగింది పాడటం గురించి మా ఊరి సంగతొకటి. చిన్నప్పుడు తిరుపతి వేంకట కవుల రాయబారం నాటకం వేసేవారు. కృష్ణుడు పద్యం అందుకుంటే చాలు, "వన్స్ మోర్!" అని కేకలు. ఆయన హార్మోనియం పెట్టెకేసి చూసి మళ్లీ రాగం తీసేవాడు. మూడోసారి, నాలుగోసారి. తెల్లారిపోయేది, యుద్ధం మాత్రం మొదలయ్యేది కాదు. ఆ కృష్ణుడు కోరింది ఇచ్చాడు, అందులో తప్పేం లేదు. నాటకమే ముందుకు నడవలేదు. నీల్ యంగ్ దీనికి అడ్డం తిరిగిన మనిషి. 1973లో 'టునైట్స్ ద నైట్' పాటలతో తిరిగాడు, అప్పటికి ఆ ఆల్బమే రాలేదు. షో చివర "ఇప్పుడు మీరు విన్న పాట పాడతా" అంటాడట, జనం సంబరపడితే, మొదట పాడిన ఆ కొత్త పాటే మళ్లీ పాడేవాడట. తనకి తనే వన్స్ మోర్ కొట్టుకున్నాడన్నమాట.

ఫ్రీమాంట్ పిన్ని

ఇది చదివి మా వారు "చూశావా, నేను పార్కింగ్‌కి పోవడం కరెక్టే" అంటున్నారు.

సికింద్రాబాద్ సైడ్ బీ

నవ్వుతున్నరు గని ఆ పాటల ఎనక చావులున్నయ్. క్రేజీ హార్స్ గిటారిస్ట్ డ్యానీ విటెన్ డ్రగ్స్‌తోని పాడైండు. 1972 నవంబర్‌ల టూర్ రిహార్సల్స్‌కు పిలిస్తే వాయించలేకపోయిండు. ఎల్లిపొమ్మని టికెట్ ఇచ్చి పంపిస్తే ఆ రాత్రే లాస్ ఏంజెలెస్‌ల చనిపోయిండు. కొన్ని నెలలకు సామాన్లు మోసే బ్రూస్ బెర్రీ సుత పోయిండు. ఇట్ల మనుషులు పోతుంటే 'హార్వెస్ట్' పాటలు కావాలని జనం ఒర్లుతుంటే ఎట్లుంటది? 'హార్వెస్ట్' 1972ల అమెరికాల అన్నిటికన్న ఎక్కువ అమ్ముడుపోయిన ఆల్బమ్. 'హార్ట్ ఆఫ్ గోల్డ్' నన్ను నడిరోడ్డు మీదికి తెచ్చింది, ఆడ విసుగొచ్చి బండి పక్కన గుంతలకు తిప్పిన అని తర్వాత తనే రాసిండు. ఆ గుంతల పుట్టినయే మూడు: 'టైమ్ ఫేడ్స్ అవే', 'ఆన్ ద బీచ్', 'టునైట్స్ ద నైట్'. మొదటిది పూర్తిగ కొత్త పాటల లైవ్.

'టునైట్స్ ద నైట్' 1973ల రికార్డ్ చేసిన్రు, 1975 దాక రాలే. దాంట్ల ఒక పాట విటెన్ గొంతే. 1970ల న్యూయార్క్ ఫిల్‌మోర్ ఈస్ట్ హాల్ కచేరీల పాడింది తెచ్చి మధ్యల పెట్టిండు. చనిపోయినోని కోసం చేసిన ఆల్బమ్‌ల చనిపోయినోడే హుషారుగ పాడుతుంటడు. అది స్టూడియోనా, లైవా? నువ్వే చెప్పు భయ్యా.

వాల్తేరు వాదన

సరే, నా ఎనిమిదిలో ఆ మూడూ ఉన్నాయి. మాస్సీ హాల్ కూడా. మిగతా అటక మాట మాత్రం వెనక్కి తీసుకోను.

కొత్తచెవి

పది రోజులు పట్టింది అందరూ చెప్పినవి వినడానికి. 2022లో ఈయన స్పాటిఫై మీద అలిగి పాటలన్నీ తీసేయించాడట, నా అదృష్టం, 2024లో తిరిగొచ్చాడు కాబట్టి వెతుక్కునే పని లేకపోయింది.

'లైవ్ రస్ట్' నచ్చింది. 'డౌన్ బై ద రివర్' తలుపు సగం తెరుచుకుంది. 'టునైట్స్ ద నైట్' మొదట అసలు ఎక్కలేదు, తాగి పాడినట్టుంది. 'మెలో మై మైండ్' పాటలో గొంతు పైకి వెళ్లబోయి చీలిపోతుంది. ఇలాంటి టేక్ ఎలా వదిలారా అని వెనక్కి తిప్పి విన్నాను. మళ్లీ తిప్పాను. ఐదోసారి దాకా లెక్క ఉంది, తర్వాత లేదు. 'వెల్డ్' ఇంకా వల్ల కావట్లేదు. షోల విషయంలో మాత్రం నేను పిన్నిగారి వైపే, జీతం నాది కదా.

'టైమ్ ఫేడ్స్ అవే' ఏళ్ల తరబడి సీడీగా కూడా రాలేదట. రికార్డు మీద వినాలనుంది, ఎవరి దగ్గరైనా ఉందా?

సికింద్రాబాద్ సైడ్ బీ

నా దగ్గర ఉంది. ఆదివారం సీతాఫల్‌మండికి రా. కాకపోతే సైడ్ రెండుల 'డోంట్ బీ డినైడ్' మీద గీత పడ్డది, సూది ఎగురుతది. పైసా బిళ్ల పెట్టి నడిపించాలె.