ఈ వారం సమస్య: తలయె లేని తాత తలను నిమిరె

నిర్వాహకుడు:
ఆకాశవాణిలో సమస్య చదువుతుంటే ట్రాన్సిస్టర్ పక్కన కాగితం, పెన్సిలు పెట్టుకుని కూర్చున్న తరం మనది. ఈసారి సమస్య నాకు బీరువా సర్దుతుంటే దొరికింది. నల్ల అట్టల ఆల్బమ్, మధ్యలో సాలెగూడు డిజైను పల్చటి కాగితాలు. నాలుగో పేజీలో తాతగారు మెడ దాకానే ఉన్నారు. ఆయన చెయ్యి మాత్రం నా గుండు మీద ఉంది. పుట్టువెంట్రుకలు తీయించిన రోజట. ఇదే చివరి పాదంగా ఆటవెలదిలోనే పూరించండి. దెయ్యాలూ, మొండేలూ, రాహుకేతువులూ వద్దు. ఇంట్లో ఫొటోలే కావాలి.

వరంగల్ వాకిలి:

పాత పెట్టెలోన బయటపడ్డది నేడు
అంచు తెగిన బొమ్మ, యందులోన
నేను ముందు నిలువ నెత్తిపై చేయుంచి
తలయె లేని తాత తలను నిమిరె

కందం మాష్టారు:
ధార బాగుంది. కానీ నెత్తి మీద చెయ్యి ఉంచాక మళ్ళీ తలను నిమరడమేమిటి? నెత్తీ తలా ఒకటేగా, పునరుక్తి. మూడో పాదం ‘నేను ముందు నిలువ నెమ్మదిగా వంగి’ అంటే సరిపోతుంది.

వరంగల్ వాకిలి:
మాష్టారూ, తాత వంగితే తల ఫొటోలోకి వచ్చేస్తది కదా! అప్పుడు సమస్యే ఉండదు.

కందం మాష్టారు:
నిజమే సుమండీ. ఓడిపోయాను. ‘నెనరు చిందెడి చేత’ అనుకోండి. యతీ నిలుస్తుంది, తాతా నిటారుగా నిలుస్తాడు.

డాలస్ కుర్రాడు:
మొదటి ప్రయత్నం, తప్పులుంటే మన్నించండి. ఇండియా వచ్చినప్పుడు ఫొటోలన్నీ స్కాన్ చేద్దామని అటక మీది ట్రంకుపెట్టె తీశాను. సగం చెదలు. మా నానమ్మకి చూపు బాగా తగ్గింది. అయినా ఆ ముక్కని వేలితో తడిమి ‘ఇదిగో మీ తాత’ అంది.

చెదలు తినగ మిగిలె చేయి, బుష్షర్టులే
ముఖము పోయె గాని ప్రేమ పోదు
కాంతి చాలకున్న కన్నుల కగుపించి
తలయె లేని తాత తలను నిమిరె

కందం మాష్టారు:
బాబూ, రెండో పాదంలో యతి తప్పింది. ‘ము’కి ‘ప్రే’ చెల్లదు. హల్లూ కలవలేదు, అచ్చూ కలవలేదు. ‘ముఖము పోయె గాని మురిపె ముండె’ అని దిద్దుకో. ‘ప్రేమ పోదు’ అన్న మాట ఎలాగూ పోస్టర్ల మీద రాసేది, పోతే మంచిదే. మూడో పాదం మాత్రం బంగారం. ‘కాంతి చాలకున్న కన్నుల’ దగ్గర కాసేపు ఆగాను.

చీకటిగది:
నేను 30 ఏళ్ళు స్టూడియోలో ప్రింట్లు కడిగినవాణ్ణి. ఎర్రబల్బు కింద ట్రేలో కాగితం మీద మొహాలు మెల్లగా తేలడం చూస్తూ బతికాను. తల తెగిన ఫొటోలకంటే నాకు డబుల్ పడ్డవే ఇష్టం. రీలు తిప్పడం మర్చిపోయి మళ్ళీ నొక్కితే ఒకదాని మీద ఒకటి పడేవి.

రీలు తిప్ప మరచి రెండవ బొమ్మను
దాని మీదె తీసె తమ్ముడపుడు
గుడియు తాత కలిసి గోపురమే తలై
తలయె లేని తాత తలను నిమిరె

వరంగల్ వాకిలి:
అన్నా, గోపురమే తల అయినంక ‘తలయె లేని’ ఎట్లయితడు?

చీకటిగది:
దొరికిపోయాను. ‘గోపుర మడ్డమై’ అని మార్చుకుంటా.

పూతరేకు:
మా ఇంట్లో ఒక అగ్ఫా క్లిక్ కెమెరా ఉండేది. రీలుకి 12 బొమ్మలు. వెనక ఎర్రకిటికీలో అంకె చూసుకుంటూ తిప్పాలి. నాన్నగారు ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. ఒక్కసారి, తాతయ్య సహస్ర చంద్ర దర్శనం రోజున, అందరూ ఫొటోలో ఉండాలని అమ్మ చేతికిచ్చారు. ఫొటో వచ్చాక చూస్తే తాతయ్యకి తల లేదు. ఆ తర్వాత అమ్మ కెమెరా ముట్టుకోలేదు.

అమ్మ మొదటిసారి యగ్ఫాను పట్టగా
చేయి వణికె, మెడకె చిత్ర మాగె
అమ్మ లేదు నేడు. ఆ తప్పు మిగిలెను
తలయె లేని తాత తలను నిమిరె

నిర్వాహకుడు:
అమ్మ ఫొటోలో ఎక్కడా లేదు. ఆ తప్పే ఆమె సంతకం. ఈ వారం ఇక ఇంతకు మించి రాదనుకుంటున్నాను.

కందం మాష్టారు:
నాదీ అదే మాట. అయినా నా ఉద్యోగం నేను చెయ్యాలి. ‘నేడు’ తర్వాత ‘ఆ’ వస్తే ఉత్వసంధి నిత్యం, ‘నేడా’ కావాలి. అప్పుడు గణం విరుగుతుంది. ‘అమ్మ లేదు గాని యా తప్పు మిగిలెను’ అంటే సంధిదోషం పోతుంది.

పూతరేకు:
దోషం పోతుంది మాష్టారూ, కానీ ‘గాని’ అనగానే పరామర్శకి వచ్చినవాళ్ళ మాటలా ఉంది. నాకు ‘నేడు’ దగ్గర ఆగడమే కావాలి.

చీకటిగది:
అమ్మా, సంధుల సంగతి నాకు తెలీదు. ఒక మాట అడుగుతా. ఫొటోలో మనుషుల పాదాలు కనిపిస్తున్నాయా?

పూతరేకు:
ఆ, తాతయ్య కిర్రుచెప్పులతో సహా. మొత్తం ఏడుగురం, వరసగా.

చీకటిగది:
అయితే అమ్మగారిని తిట్టకండి. ఆ కెమెరాలో చూసే కిటికీ వేరు, లెన్సు వేరు. మరీ దగ్గర్నుంచి తీస్తే తలలు తెగే మాట నిజమే. కానీ పాదాలు దాటి నేల కూడా పడిందంటే ఆవిడ దూరంగానే నిలబడ్డారు. దాని నెగటివ్ చదరం. కాగితం చదరం కాదు. ఏడుగురు పట్టాలని కాగితం అడ్డంగా పెట్టి ప్రింటు వేస్తే పైనో కిందో పోవాల్సిందే. ఎవరో చెప్పులుంచి తల తీసేశారు. హడావిడిలో మేమూ అలాంటివి చేశాం, చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. నెగటివ్ ఉంటే ఒకసారి వెలుతురుకి పెట్టి చూడండి.

పూతరేకు (మూడు రోజుల తర్వాత):
నెగటివ్ దొరికింది. నాన్నగారు ఎల్‌ఐసీ కవర్లో దాచారు. కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. తాతయ్య తల ఉంది. నెగటివ్ కదా, తెల్లపంచె నల్లగా, తెల్లజుట్టు నల్లగా ఉన్నాయి. 80 దాటిన మనిషి పాతికేళ్ళ కుర్రాడిలా నల్లజుట్టుతో నిలబడ్డాడు. తలకి పైన జానెడు గోడ కూడా ఉంది. అమ్మ ఎంత జాగ్రత్తగా తీసిందో.

పండక్కి చుట్టాలొచ్చినప్పుడల్లా ఆ ఫొటో తీసి అమ్మని ఆటపట్టించేవాళ్ళం. 40 ఏళ్ళు. ఆవిడా మాతో పాటు నవ్వేది. నా పూరణ వెనక్కి తీసుకుంటున్నాను. దాని బదులు ఇది:

అమ్మ మొదటిసారి యగ్ఫాను పట్టగా
నిండుగానె వచ్చె నిలువు రూపు
కాగితంబు చిన్న, కత్తిరించిరి గాన
తలయె లేని తాత తలను నిమిరె

డాలస్ కుర్రాడు:
అక్కా, పాత పద్యమే బాగుంది కదా...

పూతరేకు:
బాగుంది తమ్ముడూ. అబద్ధం కూడా.

కందం మాష్టారు:
‘కాగితంబు చిన్న’ కాదు, ‘చిన్నది’ అనాలి.

పూతరేకు:
ఈ ఒక్కసారికి వదిలేయండి మాష్టారూ.

కందం మాష్టారు:
వదిలేశాను.