టెర్రియర్‌లో వేట గుణం నిలవాలంటే జతను దేన్ని చూసి ఎంచుకోవాలి?

ప్రశ్న (కె.ఆర్.పురం, బెంగళూరు):
అందరికీ నమస్కారం. హొసకోట దగ్గర మా బావమరిది కోళ్ల షెడ్డులో దాణా బస్తాలను పందికొక్కుల బారి నుంచి మూడేళ్లుగా కాపాడుతున్నది మా జాక్ రస్సెల్ టెర్రియర్ ఆడకుక్కే. కలుగు దగ్గర కదలకుండా కాచుకోవడం, లోపల అలికిడి వినబడిన చోటనే తవ్వడం దానికి ఎవరూ నేర్పలేదు. ఒక్క ఈతైనా తీయించి ఈ గుణాన్ని నిలుపుకోవాలని నా కోరిక. అయితే నగరంలో మగకుక్కలను చూపించినవారందరూ మచ్చల తీరు, చెవుల మడత, పతకాల గురించి చెప్పారే తప్ప, ఎలుక కనబడితే మీ కుక్క ఏం చేస్తుందని అడిగితే ఒక్కరూ బదులు చెప్పలేకపోయారు. 1972 నాటి చట్టం ప్రకారం మన దగ్గర వన్యప్రాణుల వేట నేరం, వేటాడించాలని నాకూ లేదు. అలాంటప్పుడు వేట గుణాన్ని ఎలా పరీక్షించాలి?

జవాబు (ఎలహంక):
జాక్ రస్సెల్ టెర్రియర్ అసలు పని చంపడం కాదండి. 1819లో ట్రంప్ అనే ఆడకుక్కను కొని ఈ వంశానికి పునాది వేసిన ఇంగ్లండు మతగురువు జాన్ రస్సెల్ కోరుకున్నది, బొరియలో నక్కకు ఎదురు నిలిచి, మొరిగి, దాన్ని బయటికి వెళ్లగొట్టే కుక్కను. లోపల మూగగా ఉండిపోయే కుక్క ఏ మూల ఉన్నదో పైనున్న మనిషికి తెలియదు కాబట్టి, గొంతు కూడా ఏరి నిలుపుకున్న గుణమే. రొమ్ము సంగతీ అంతే: భుజాల వెనుక రెండు చేతులతో చుట్టి పట్టుకుంటే వేళ్లు కలవాలని చూసేవారు, ఎందుకంటే నక్క దూరిన సందులో కుక్కా దూరాలి. పనిని వదిలి రూపాన్ని మాత్రమే చూస్తే మొదట పోయేవి ఇవే. వేల్స్‌లో నీటిపిల్లుల, బ్యాడ్జర్ల వేటకు పుట్టిన సీలీహామ్ టెర్రియర్‌కు 2008లో బ్రిటన్ కెన్నెల్ క్లబ్బులో నమోదైన పిల్లలు 43 మాత్రమే అన్నది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

పరీక్షకు దారి ఉన్నది. అమెరికాలో ఎర్త్‌డాగ్ పోటీల తొలి స్థాయిలో 9 అంగుళాల వెడల్పు, 30 అడుగుల పొడవు, మూడు మలుపులున్న సొరంగం చివర ఎలుకను భద్రమైన పంజరంలో ఉంచుతారు. కుక్క అక్కడికి చేరి 60 సెకన్లు మొరుగుతూనో తవ్వుతూనో దాన్ని వదలకుండా నిలవాలి. ఎలుకకు గాయం కాదు. ఇలాంటి సొరంగాన్ని చెక్క పలకలతో మీరూ చేయించవచ్చు.

జవాబు (హెబ్బాళ్, పశువైద్యుడు):
టెర్రియర్లలో కంటి కటకం జారి చూపు పోయే వంశపారంపర్య జబ్బు ఉన్నది, జన్యు పరీక్షతో అది ముందే తెలుస్తుంది. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి మాత్రమే ఆ దోషం వచ్చిన, మంచి పనివాడైన కుక్కను తోసిపుచ్చకండి. దోషం లేని దానితో జత కట్టించవచ్చు. సంతానోత్పత్తి వ్యాపారానికి విదేశీ కుక్కల దిగుమతిపై 2016లో కేంద్రం ఆంక్షలు పెట్టినందున, ఇక్కడున్న కొద్ది వంశాలను ఇంకా ఇరుకు చేసుకోకూడదు. ఎలుకల వల్ల సోకే లెప్టోస్పైరోసిస్‌కు ఏటా టీకా వేయించండి. షెడ్డులో ఎలుకల మందు మాత్రం పెట్టకండి. మందు తిన్న ఎలుకను తింటే కుక్కకు రక్తం గడ్డకట్టక ప్రాణం మీదికి వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
డాక్టరు గారూ, టీకా వేయించాను గానీ మందు సంగతి నాకు తట్టలేదు. పడమటి గోడ వెంట ఉన్న బిళ్లలన్నీ ఈ సాయంత్రమే ఏరించేశాను. మాలూరు మామిడి తోటలో ఒక మగకుక్క ఉన్నదని తెలిసింది. వడ్రంగి సొరంగం పూర్తి చేయగానే దాన్ని దించి చూసి, జన్యు పరీక్ష ఫలితంతో పాటు ఇక్కడే రాస్తాను.