ఇంట్లో చావు, భర్త మీద అనుమానం, మూడేళ్లుగా తేలని కేసు: జనం చెప్పుకునే ఆధారాల్లో బరువున్నవి ఏవి?

వేకువపిట్ట (ప్రశ్న)

భార్య ఇంట్లోనే చనిపోయి కనిపించింది. తలుపు బద్దలు కొట్టిన ఆనవాలు లేదు. మొదటి రోజు నుంచీ అనుమానం భర్త మీదే. మూడేళ్లు గడిచినా అరెస్టు లేదు, ఛార్జిషీటు లేదు. ఇలాంటి కేసు ఏది తీసుకున్నా బయట నడిచే మాటలు ఇంచుమించు ఇవే: కెమెరా ముందు ఆయన ఏడవలేదు. లై డిటెక్టర్ వద్దన్నాడు. బాత్రూంలో లూమినాల్ (రక్తపు జాడ వెతికే రసాయనం) కొడితే నీలంగా వెలిగింది. కత్తి పిడి మీద ఆయన డీఎన్‌ఏ దొరికింది. ఊళ్లో లేనన్నాడు గానీ ఫోన్ ఇంటి దగ్గరి టవర్ మీదే ఉంది. చనిపోయిన టైము రాత్రి 9.40 అని డాక్టర్ తేల్చేశాడు. వీటన్నిటికీ పైన 'పదింట తొమ్మిది సార్లు మొగుడే' అన్న లెక్క ఒకటి.

ల్యాబు పని, పోస్టుమార్టం రిపోర్టులు, కాల్ రికార్డులు తెలిసినవాళ్లు చెప్పాలి. వీటిలో కోర్టు దాకా నిలబడేవి ఏవి, మొదటి ప్రశ్నకే రాలిపోయేవి ఏవి? తేలని కేసుల్లోని మనుషుల పేర్లు ఎవరూ తేవద్దు, దయచేసి.

నమూనాసంచి

ఇంట్లో జరిగిన చావుకు ఒక చిక్కుంది. అనుమానితుడు ఆ ఇంట్లో మనిషే. ఆయన వేలిముద్ర, వెంట్రుక, చెమట ఎక్కడ దొరికినా వింత కాదు. కత్తి పిడి మీద భర్త డీఎన్‌ఏ ఉందంటే ఆ కత్తి వాళ్ల వంటింటిదని మాత్రమే తెలుస్తుంది. డీఎన్‌ఏ ప్రొఫైల్ ఎవరిదో చెబుతుంది, ఎప్పుడు అంటిందో ఎలా అంటిందో చెప్పదు. ఒకే బకెట్లో ఉతికిన బట్టల మధ్య కూడా డీఎన్‌ఏ మారుతుంది.

లూమినాల్ సంగతి. రక్తానికి ఎరుపునిచ్చే హీమ్‌లో ఉన్న ఇనుము ఆ రసాయనచర్యకు ఊతమిస్తుంది కాబట్టి చీకట్లో నీలం వెలుగు వస్తుంది. బ్లీచింగ్ ద్రావణం, రాగి, ముల్లంగి లాంటి దుంపల్లోని పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ కూడా ఆ వెలుగునే తెప్పిస్తాయి. బాత్రూం అంటేనే బ్లీచింగ్ పడే చోటు. బ్లీచింగ్ వల్ల వచ్చే వెలుగు చటుక్కున మెరిసి పోతుంది, రక్తం వెలుగు కాస్త నిలకడగా ఉంటుంది, కానీ కంటి చూపుతో చేసే ఆ తేడా మీద ఎవరూ సంతకం పెట్టరు. వెలిగిన చోట దూది పుల్లతో నమూనా తీసి, మనిషి హీమోగ్లోబిన్ పరీక్ష చేసి, ఆ తర్వాత డీఎన్‌ఏ తీయాలి. ఈ మూడు మెట్లలో మొదటిదే లూమినాల్. 'వెలిగింది' అన్న వార్త వచ్చి మిగతా రెండింటి ఊసు లేకపోతే ఆ వార్త సగమే. అది రక్తమేనని తేలినా గడ్డం గీసుకుంటే తెగింది కావచ్చు, నెలసరి రక్తం కావచ్చు.

మరి బరువున్నదేది? రక్తం ఎంత, ఎక్కడ, ఏ ఆకారంలో. 'వచ్చి చూసేసరికి పడి ఉంది, లేపబోయాను' అన్న మనిషి చొక్కా మీద పూసుకున్నట్టు మరక ఉంటే మాటకు సరిపోతుంది. అదే చొక్కా మీద మిల్లీమీటరు పాటి సన్న బొట్లు చల్లినట్టు ఉంటే దెబ్బ పడేటప్పుడు దగ్గరున్నాడా అన్న ప్రశ్న లేస్తుంది. అక్కడ కూడా ఒక జాగ్రత్త: కొన ఊపిరితో ఉన్న మనిషి ముక్కులోంచి, నోట్లోంచి చిమ్మే రక్తం కూడా అచ్చం అలాంటి సన్న బొట్లే వేస్తుంది. అందుకే ఫొటోలో స్కేలు లేకుండా, బట్టను చేత్తో పట్టుకుని చూడకుండా తీర్పులిచ్చేవారిని నమ్మకండి.

సేకరణలో చెడేవి కూడా తక్కువ కాదు. తడి బట్టను ఆరబెట్టకుండా ప్లాస్టిక్ కవర్లో కడితే బూజు పట్టి డీఎన్‌ఏ పాడవుతుంది. ఆరబెట్టి కాగితం సంచిలో, ఏ బట్టకు ఆ సంచి పెట్టాలి. ఇక 'ఎవరిదో తెలియని డీఎన్‌ఏ దొరికింది కాబట్టి బయటివాడే' అనేవాళ్లు జర్మనీలోని హైల్‌బ్రాన్ ఊరి పేరుతో నడిచిన కేసు సంగతి చూడాలి. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్సుల్లో దాదాపు 40 నేరస్థలాల్లో ఒకే స్త్రీ డీఎన్‌ఏ దొరికింది. ఏళ్ల తరబడి వెతికారు. 2009లో తేలింది, అది నమూనాలు తీసే దూది పుల్లలు తయారయ్యే చోట పనిచేసే ఆమెదని. ఆ పుల్లల్లో క్రిములు లేకుండా చేశారు గానీ డీఎన్‌ఏ లేకుండా చేయలేదు. రెండూ వేరు.

శవపరీక్షచదువరి

9.40 అన్న అంకె ఏ పోస్టుమార్టం రిపోర్టులోనూ ఉండదు. ఉంటే ఆ రిపోర్టునే అనుమానించాలి.

శరీర ఉష్ణోగ్రత, గది ఉష్ణోగ్రత, బరువు తీసుకుని లెక్క కట్టే హెన్స్‌గే పద్ధతి ఉంది. అన్నీ బాగా కుదిరినా దాని పొరపాటు అటూ ఇటూ 2.8 గంటలు. అంటే ఐదున్నర గంటలకు పైబడిన వ్యవధి. ఫ్యాను తిరుగుతుందా, ఏసీ ఎంతలో ఉంది, దుప్పటి కప్పి ఉందా అన్నవి అప్పుడే రాసుకోకపోతే అది ఇంకా పెద్దదవుతుంది. మొదట వచ్చినవాళ్లు కిటికీలు తెరిచేసి, ఫ్యాను వేసేసి ఉంటే ఇక ఆ లెక్క ఎంత దూరం పోతుందో ఊహించండి. శవం బిగుసుకుపోవడం సాధారణంగా 2 నుంచి 4 గంటల్లో దవడ దగ్గర మొదలై, 12 గంటలకు ఒళ్లంతా పాకుతుంది, ఎండాకాలం ఇంకా ముందే. కడుపులో అన్నం చూసి టైము చెప్పడం అన్నిటికన్నా బలహీనం, భయంలో అరుగుదల ఆగిపోతుంది.

ఒక్క గుర్తుకు మాత్రం విలువ ఎక్కువ. రక్తం కిందికి దిగి చర్మం మీద వేసే ఊదారంగు మచ్చలు 8 నుంచి 12 గంటల్లో స్థిరపడతాయి. వెల్లకిలా దొరికిన శవానికి ఆ మచ్చలు పొట్ట వైపు ఉంటే, చనిపోయాక గంటల తర్వాత ఎవరో తిప్పారు. 'నేను తాకనే లేదు' అన్న మాటకు ఎదురుగా నిలబెట్టగలిగేది ఇలాంటిది.

ఇంకొకటి, ఎవరూ అడగలేదు గానీ ఇలాంటి ప్రతి చర్చలోనూ వచ్చేది: 'గొంతులోని హయాయిడ్ ఎముక విరగలేదు, కాబట్టి పీక నొక్కలేదు' అనడం. వయసులో ఉన్నవాళ్లలో ఆ ఎముక మెత్తగా వంగుతుంది, పీక నొక్కినా చాలాసార్లు విరగదు. విరిగితే ఒక సాక్ష్యం, విరగకపోతే ఏదీ తేలనట్టే. మెడలోని కండరాలను పొర పొరగా విప్పి చూశారా లేదా అన్నదే రిపోర్టులో వెతకాల్సిన వాక్యం.

వేకువపిట్ట

చాలా ఉపయోగంగా ఉంది. ఫోన్ సంగతి ఎవరైనా? టవర్ అంటే మెషీను కదా, అబద్ధం ఆడదు అనుకున్నాను.

టవర్‌లెక్కలు

టవర్ అబద్ధం ఆడదు అండీ, మనమే అది చెప్పనిది చెప్పిస్తాం.

సీడీఆర్‌లో (ఫోన్ కంపెనీ ఇచ్చే కాల్ రికార్డులో) ఉండేది కాల్, మెసేజ్, డేటా సెషన్ జరిగినప్పుడు తగిలిన సెల్ ఐడీ, అంటే టవర్‌లో ఏ భాగమో చెప్పే నంబరు మాత్రమే. ఒక్కో సెల్ సాధారణంగా 120 డిగ్రీల ముక్కను చూస్తుంది. నగరంలో అది కొన్ని వందల మీటర్లు, మైదానంలో కిలోమీటర్లు. జీఎస్‌ఎమ్‌లో (2జీ నెట్‌వర్క్‌లో) మామూలు హద్దు 35 కిలోమీటర్లు. ఫోన్ ఎప్పుడూ దగ్గరి టవర్‌కే తగలదు, రద్దీ, గోడలు, ఎత్తు చూసుకుంటుంది. డేటా సెషన్ గంటపాటు నడిస్తే చాలా రికార్డుల్లో మొదలైన చోటి టవరే కనిపిస్తుంది, మనిషి ఈలోగా ఎంత దూరం పోయినా సరే.

కాబట్టి ఇంటి టవర్ అంటే 'ఇంట్లో ఉన్నాడు' అని కాదు, ఆ ప్రాంతంలో ఫోన్ ఉందని. అయితే వేకువపిట్ట గారు రాసిన మాట మళ్లీ చూడండి: ఆయన 'ఊళ్లో లేను' అన్నాడు. 80 కిలోమీటర్ల అవతల ఉన్నానన్న మనిషి ఫోన్ ఇంటి టవర్ మీద ఉంటే అది గట్టి దెబ్బే. 'పక్క వీధిలో ఉన్నాను' అని ఉంటే అదే రికార్డు దేనికీ పనికిరాదు. రికార్డు బరువు ఆయన ఇచ్చిన వాంగ్మూలాన్ని బట్టి మారుతుంది. ఆ వాంగ్మూలం పూర్తి పాఠం బయట ఎవరి దగ్గరా ఉండదు, పత్రికల్లో వచ్చిన రెండు ముక్కలు తప్ప.

టైములు కలిపేటప్పుడు ఎక్కువమంది పడే గుంట యూటీసీ, అంటే మన టైముకు ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక టైము. చాలా యాప్‌ల, సర్వర్ల లాగ్‌లు యూటీసీలో ఉంటాయి. 16:10 అని ఉంటే మన టైము రాత్రి 9.40. ఒక పట్టికలో రెండు రకాల టైములు కలిస్తే ఐదున్నర గంటల దొంగ సందు పుడుతుంది, దాని మీద కథలు పుడతాయి. పోలీసుల సాఫ్ట్‌వేర్ కూడా తప్పుతుంది. 2019లో డెన్మార్క్‌లో కాల్ డేటాను మార్చే ప్రోగ్రామ్‌లో లోపాలు బయటపడి, దాదాపు 10,700 కేసులు తిరిగి చూడాల్సి వచ్చింది. కోర్టుల్లో ఆ డేటా వాడకాన్ని రెండు నెలలు ఆపేశారు.

మెషీను సాక్ష్యం బలంగా నిలిచిన కేసు కావాలంటే 2015 డిసెంబరులో అమెరికా, కనెక్టికట్‌లో జరిగింది చూడండి. ఎవడో చొరబడి భార్యను కాల్చాడని భర్త చెప్పాడు. ఆయన చెప్పిన దారిన ఆమె నడవాల్సిన దూరం 125 అడుగులకు (ఫీట్) మించదు. ఆమె నడుముకున్న ఫిట్‌బిట్ (నడకను లెక్కపెట్టే చిన్న పరికరం) అదే వేళలో 1,217 అడుగుల దూరం లెక్కపెట్టింది, కదలిక ఆగింది 10.05కి. ఆయన చెప్పిన చావు వేళ అంతకు దాదాపు గంట ముందుది. దోషి అని తీర్పు వచ్చింది మాత్రం 2022లో. ఇంత పట్టు దొరికిన కేసుకే ఆరేళ్లు దాటింది.

సాక్షిపలుకు

ఏడవకపోవడం గురించి. 1980 ఆగస్టు 17న ఆస్ట్రేలియాలోని ఉలురు దగ్గర గుడారంలోంచి తొమ్మిది వారాల పసిపాప అజారియా మాయమైంది. డింగో (అక్కడి అడవి కుక్క) ఎత్తుకుపోయిందని తల్లి లిండీ ఛాంబర్లేన్ చెప్పింది. టీవీలో ఆమె నిబ్బరంగా మాట్లాడింది, అదే ఆమె నేరమైంది. పాప పేరుకు 'అడవిలో బలి' అని అర్థమని పుకారు లేపారు, అది శుద్ధ అబద్ధం. కారులో పసికందు రక్తం చిమ్మిందన్న ల్యాబు మాటను నమ్మి 1982లో యావజ్జీవం వేశారు. ఆ 'రక్తపు చిమ్ముడు' కారు కంపెనీలో శబ్దం తగ్గించడానికి కొట్టిన పూత అని తర్వాత తేలింది. 1986లో పాప కోటు దొరికాక ఆమెను వదిలారు, 1988లో శిక్ష రద్దయింది. డింగోయే కారణమని కరోనర్ (చావుకు కారణం తేల్చే అధికారి) రాసింది 2012లో. ముప్పై రెండేళ్లు.

లై డిటెక్టర్ చూసేది ఊపిరి, రక్తపోటు, చెమట. అబద్ధానికంటూ ఒంట్లో ప్రత్యేకమైన గుర్తు లేదు. మన సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో, ఇష్టం లేకుండా ఈ పరీక్షలు చేయకూడదని చెప్పింది. వద్దనమని ఏ లాయరైనా చెబుతాడు, కక్షిదారు నిర్దోషి అయితే మరీ గట్టిగా చెబుతాడు.

'పదింట తొమ్మిది' లెక్క తప్పు. ఐక్యరాజ్యసమితి లెక్కల్లో 2023లో హత్యకు గురైన దాదాపు 85,000 మంది స్త్రీలు, బాలికల్లో సుమారు 60 శాతం మందిని చంపింది జీవిత భాగస్వామి లేదా కుటుంబ సభ్యులు. అందులో తండ్రులూ, అన్నదమ్ములూ, బంధువులూ ఉన్నారు. చాలా ఘోరమైన అంకె, దాన్ని చిన్నది చేయకూడదు. దర్యాప్తు మొదట ఇంట్లోనే చూడాలనడానికి అది చాలు. ఈ ఇంట్లో ఈ మనిషే అనడానికి చాలదు. పైగా ఆ లెక్క హత్యలని తేలినవాటిది. మన ముందున్నది హత్యో, ప్రమాదమో, ఆత్మహత్యో ఇంకా తేలనిది కావచ్చు.

మల్లెతీగ

ఇవన్నీ సరే. జనం మాట్లాడబట్టే కదా కొన్ని ఫైళ్లు కదిలాయి? అందరూ నోరు మూసుకుంటే ఆ అమ్మాయిని ఎవరు తలుచుకుంటారు?

సాక్షిపలుకు

తలుచుకోవాలి మల్లెతీగ గారూ. ఛార్జిషీటు ఎందుకు వేయలేదు, నమూనాలు ల్యాబుకు ఏ తేదీన వెళ్లాయి, రిపోర్టు వచ్చిందా అని అడగడం ఒత్తిడి. అది కావాలి. ఎవరు చంపారో మనమే చెప్పడం వేరు. నిర్దోషి అని ఒకసారి తీర్పు వచ్చాక అదే నేరానికి మళ్లీ విచారణ మామూలుగా ఉండదు. అరకొర ఆధారంతో తొందరపెట్టి కోర్టుకు తెప్పిస్తే లాభపడేది చంపినవాడే.

సాక్షుల జ్ఞాపకం ఎంత తేలిగ్గా మారుతుందో చెబుతాను. 1992లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సరుకుల విమానం అపార్టుమెంట్ల మీద కూలింది. కూలుతున్న క్షణాన్ని ఎవరూ వీడియో తీయలేదు. అయినా తర్వాత అడిగితే సగానికి పైగా మంది, 55 శాతం, ఆ దృశ్యాన్ని టీవీలో చూశామన్నారు. మనం రోజూ 'ఎర్ర కారు, ఎర్ర కారు' అని రాస్తుంటే పక్కింటాయన జ్ఞాపకంలోకి ఎర్ర కారు వచ్చేస్తుంది. తర్వాత డిఫెన్సు లాయర్ అడిగే మొదటి ప్రశ్న, 'ఈ మాట మీరు ఎక్కడ చదివారు?'

పోలీసులు కావాలనే బయటపెట్టని వివరాలు కూడా ఉంటాయి: ముడి ఎలా వేశారు, ఏ వస్తువు మాయమైంది, లైటు వెలిగి ఉందా. ఒప్పుకోలు నిజమా కాదా తేల్చడానికి అవే కొలత. అవి నలుగురి నోళ్లలో పడితే ఆ కొలత పోతుంది.

మీ దగ్గర నిజంగా ఏదైనా ఉంటే, ఇంకే పోస్టూ చదవకముందే గుర్తున్నది కాగితం మీద తేదీ, టైముతో రాసి సంతకం పెట్టండి. ఏది కళ్లారా చూశారో, ఏది విన్నారో విడివిడిగా రాయండి. సీసీటీవీ ఉంటే ఆ రోజే కదలండి, చాలా డీవీఆర్‌లు (కెమెరా రికార్డింగ్ పెట్టెలు) 15 నుంచి 30 రోజుల్లో పాతదాన్ని చెరిపి కొత్తది రాస్తాయి.

టవర్‌లెక్కలు

సీసీటీవీకి ఇంకొంచెం. డీవీఆర్ తెర మీది గడియారం, పక్కనే మీ ఫోన్ గడియారం, రెండూ ఒకే ఫొటోలో పడేలా తీయండి. చాలా డీవీఆర్‌ల టైము తప్పుగా ఉంటుంది, తేడా తెలిస్తే సరిచేసుకోవచ్చు. తెరను ఫోన్‌తో వీడియో తీయడం కాదు, డీవీఆర్ సొంత ఫార్మాట్‌లోనే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయించండి, ఘటనకు ముందు ఒక గంట, తర్వాత ఒక గంట కలిపి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే కుదించుకుపోతుంది, లోపలి వివరాలు పోతాయి. హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకెల గుర్తు) తీయడం తెలిస్తే తీసి రాసుకోండి. పెన్‌డ్రైవ్ ఇచ్చేటప్పుడు, ఏ ఫైలు ఎప్పుడు ఎవరికి ఇచ్చారో రాయించుకుని రసీదు తీసుకోండి. అసలు హార్డ్‌డిస్క్‌ను మాత్రం పోలీసులు వచ్చేదాకా డీవీఆర్‌లోంచి తీయొద్దు, అలాగని రికార్డింగ్ నడవనిస్తే పాతది చెరిగిపోతుంది కాబట్టి ఎక్స్‌పోర్ట్ అయ్యాక రికార్డింగ్ ఆపి పెట్టండి.