ప్రజా సమితి ఓట్ల శాతం 14.3 అని రాయాలా, 1.28 అని రాయాలా?

ప్రశ్న:
ప్రత్యేక తెలంగాణ కోరిన పార్టీ తెలంగాణ ప్రజా సమితి మీద ప్రాజెక్టు కోసం ఎన్నికల పట్టిక తయారుచేస్తున్నానండీ. 1971 లోక్‌సభ ఎన్నికల్లో సమితి ఓట్ల శాతం ఒకచోట 14.3, ఇంకోచోట 1.28 అని ఉంది. ఏది సరైనది? అప్పుడు 10 సీట్లు గెలిచిన పార్టీకి 1972 అసెంబ్లీలో ఒక్కటే ఎందుకొచ్చింది? 1970 సిద్దిపేట అసెంబ్లీ ఉప ఎన్నిక ఎన్నికల సంఘం నివేదికల్లో కనబడటం లేదు, అది ఎక్కడ చూడాలి?

జవాబు:
రెండూ సరైనవేనండీ, దేంతో భాగించారన్నదే తేడా. సమితికి పడ్డ ఓట్లు 18,73,589. దేశమంతటా చెల్లిన ఓట్లతో భాగిస్తే 1.28, ఆంధ్రప్రదేశ్‌లోని 41 స్థానాల ఓట్లతో భాగిస్తే 14.3. మీ పట్టికకి మాత్రం రెండూ చాలవు. సమితి బలమంతా తెలంగాణలోని 14 స్థానాల్లోనే కాబట్టి ఆ పద్నాలుగింటి ఓట్లతోనే భాగించాలి. ఆ అంకె మీరే కట్టుకోవాలి.

ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో 1971 గణాంక నివేదిక రెండు సంపుటాలుగా ఉంటుంది. మొదటిదాంట్లో దేశం, రాష్ట్రాల మొత్తాలతో పాటు నియోజకవర్గాలవారీ పూర్తి ఫలితాలూ ఉంటాయి. రెండోదాంట్లో ఒక్కో నియోజకవర్గం సారాంశం ఉంటుంది, రెండూ దగ్గర పెట్టుకోండి. ఒక్కో స్థానానికీ చెల్లిన ఓట్లు, సమితి ఓట్లు, గెలిచిన పార్టీ అని మూడు గడులు పెట్టి నింపండి. ఓట్లన్నీ కూడాక ఒకేసారి భాగించండి. చాలామంది ఒక్కో స్థానానికి శాతం కట్టి, ఆ పద్నాలుగింటికీ సగటు తీస్తారు. అలా చేస్తే తక్కువ పోలింగైన స్థానానికీ ఎక్కువ పోలింగైనదానికీ ఒకే తూకం పడి లెక్క చెడిపోతుంది.

సరిచూసుకోవడానికి ఒక గుర్తు: సమితి చేజారినవి నాలుగే. ఆదిలాబాద్, నిజామాబాద్, ఖమ్మం కాంగ్రెస్‌కి, మిర్యాలగూడ సీపీఎంకి పోయాయి. హైదరాబాద్, సికింద్రాబాద్, మెదక్, సిద్దిపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నల్గొండ, వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి సమితివి. మీ పట్టికలో పదకొండోది కనబడిందంటే ఎక్కడో వరుస జారిందన్నమాట. ఇంకో జాగ్రత్త, ఈ పేర్లను ఇప్పటి 17 స్థానాల పక్కన పెట్టి పోల్చకండి. సిద్దిపేట, మిర్యాలగూడ లోక్‌సభ స్థానాలు ఇప్పుడు లేనేలేవు. మిగతావాటికి పేరు అదే అయినా హద్దులు మారాయి.

మరో జవాబు:
సీట్ల విషయం నేను చెబుతాను. "పదినుంచి ఒకటికి పడిపోయింది" అని ఒకే గీతగా రాయకండి. 1972లో ఆ ఒక్క సీటూ గెలిచింది సంపూర్ణ తెలంగాణ ప్రజా సమితి, అంటే కాంగ్రెస్‌లో విలీనం ఒప్పుకోకుండా మిగిలినవాళ్ల పార్టీ. అసలు సమితి అప్పటికే కాంగ్రెస్‌లో కలిసిపోయింది. నివేదికలోనూ రెండింటివీ వేర్వేరు పేర్లు, ముందు పార్టీల జాబితా పేజీ చూసుకుని అప్పుడు వెతకండి.

పడిపోవడానికి అసలు కారణం ఎన్నికల క్యాలెండర్‌లో ఉందని నా లెక్క. 1969 ఉద్యమం వేడి ఉండగా వచ్చింది లోక్‌సభ మధ్యంతరం. అసెంబ్లీ 1967లో ఏర్పడింది కాబట్టి దాని గడువు 1972 దాకా ఉంది. ఇందిర గాలిని తట్టుకుని పది గెలవడం చిన్న సంగతి కాదు. కానీ ఢిల్లీలో ఆమెకి 352 మంది ఉన్నారు, ఈ పదిమంది మద్దతుతో ఆమెకి పనే లేదు. అదే పట్టు హైదరాబాద్ అసెంబ్లీలో దొరికి ఉంటే బేరం వేరేగా నడిచేది. పైగా నాయకుడు మర్రి చెన్నారెడ్డి పోటీకే దిగలేని పరిస్థితి. ఆయన 1967 ఎన్నికను కోర్టు కొట్టేసి ఆరేళ్లు అనర్హత పడింది. 1971 సెప్టెంబరులో విలీనం జరిగింది. కాసు బ్రహ్మానందరెడ్డి దిగిపోయారు, సెప్టెంబరు 30న పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు. 1972లో 287 సీట్లలో కాంగ్రెస్‌కి 219 వచ్చాయి.

మళ్లీ ప్రశ్న:
పదిమంది ఎంపీలూ రాజీనామా చేయకుండానే కాంగ్రెస్‌లో ఎలా కలిశారండీ?

జవాబు:
పార్టీ ఫిరాయింపుల నిషేధం, అదే రాజ్యాంగంలోని పదో షెడ్యూలు, 1985లో 52వ సవరణతో వచ్చింది. 1971లో అడ్డేమీ లేదు. మూడింట రెండొంతుల సభ్యులు ఒప్పుకుంటేనే విలీనం చెల్లుతుందన్న ఇప్పటి నిబంధనను ఆ కాలానికి అంటగట్టకండి.

ఉప ఎన్నిక సంగతి: సాధారణ ఎన్నికల నివేదికలో ఉప ఎన్నికలు కలపరు, అందుకే మీకు సిద్దిపేట దొరకలేదు. అప్పటి దినపత్రికలూ అసెంబ్లీ సభ్యుల జాబితాలూ తిరగేయాల్సిందే. 1970లో అక్కడ గెలిచింది సమితి తరఫున అనంతుల మదన్‌మోహన్. 1972లో కూడా సిద్దిపేట ఆయనదే, కాకపోతే కాంగ్రెస్ టికెట్‌పై. పేరు ఒకటే కదా అని రెండు గెలుపులూ ఒకే పార్టీ గడిలో వేస్తే సమితికి లేని సీటు వచ్చిపడుతుంది. రెండు వరుసలు పెట్టండి.