పన్నెండేళ్ల సర్వర్: ర్యామ్, ప్రాసెసర్ పెంచాలా, మొత్తం మార్చేయాలా?

పెదవాల్తేరు_లెడ్జర్: మాది ఆడిటర్ ఆఫీసు, సముద్రానికి దగ్గర. 2013లో కొన్న ర్యాక్ సర్వర్, రెండు జియాన్ ఇ5-2620 ప్రాసెసర్లు, 32 జీబీ డీడీఆర్3 ర్యామ్, నాలుగు హార్డ్‌డిస్కులతో రెయిడ్ 5, అంటే ఒక డిస్క్ పోయినా డేటా పోకుండా నాలుగింటికీ పంచి రాసే పద్ధతి. హుద్‌హుద్‌ని కూడా చూసింది పాపం. నెల్నుంచి ఎంట్రీ సేవ్ కొట్టి టీకెళ్లి వచ్చేయొచ్చు, అంత స్లో. మా సార్ ర్యామ్, ప్రాసెసర్లు పెంచేద్దాం అంటున్నారు, వెండరేమో డబ్బా అయిపోయింది మార్చేయండంటున్నాడు. ఏటంటారు?

రుషికొండ_రూట్: మార్చేయండి. డీడీఆర్3 మీద పెట్టిన ప్రతి రూపాయీ ఆ పెట్టెతోనే పోద్ది, దాని తర్వాతొచ్చిన డీడీఆర్4 బోర్డులో గాడి కూడా కలవదు. పైగా 200 వాట్లు లాగుతోందనుకోండి, నెలకి 144 యూనిట్లు, ఏసీ వేరే.

డాబాగార్డెన్స్_పానా: ఊరికే పారేయమనడం ఈజీ గురూ. అదే సాకెట్‌లో వి2, అంటే తర్వాతి తరం ప్రాసెసర్లు పడతాయి, ఆరు కోర్ల నుంచి పది కోర్లకి వెళ్లొచ్చు, సెకండ్‌హ్యాండ్‌లో చవకే. కాకపోతే ముందు బయాస్ (బోర్డుని స్టార్ట్ చేసే ప్రోగ్రాం) అప్‌డేట్ చెయ్యాలి, తర్వాతే చిప్ మార్చాలి, తిరగేసి చేస్తే స్క్రీనే రాదు.

గాజువాక_నైట్‌షిఫ్ట్: ఇద్దరూ ఆగండి మాస్టారూ, సేవ్ కొట్టినప్పుడే స్లో అంటున్నాడు, రిపోర్టు తెరిస్తే స్లో అనలేదు కదా, అంటే రాతలో తేడా, దానికి ప్రాసెసర్ ఏం చేస్తది. ఆ డిస్కుల్ని నడిపే రెయిడ్ కార్డు బ్యాటరీ చూడండి. అది చచ్చిపోతే కరెంటు పోయినప్పుడు డేటా పోకుండా కార్డు క్యాష్ (రాతల్ని కాసేపు దాచుకునే మెమరీ) ఆపేసి, ప్రతి రాతా డిస్కులోకి చేరేదాకా ఆగే రైట్-త్రూలోకి వెళ్లిపోద్ది, రెయిడ్ 5లో చిన్న రాతకి కూడా పాత డేటా, పాత పారిటీ (పోయిన డిస్క్ డేటాని తిరిగి రాబట్టే లెక్క) చదివి మళ్లీ రెండూ రాయాలి, ఒక పనికి నాలుగు పనులు. నేను ఇలాగే ఒకచోట ర్యామ్ డబుల్ చేయించి, ఏం తేడా రాక, ఓనర్ ముందు తలొంచుకుని నిలబడ్డా.

పెదవాల్తేరు_లెడ్జర్: దండం గురూ! బ్యాటరీ ఫెయిల్డ్, పాలసీ రైట్-త్రూ అని చూపిస్తోంది. పనిలో పనిగా మూత తీస్తే లోపల స్క్రూలు తుప్పు, ర్యామ్ కాళ్ల మీద ఒకచోట ఆకుపచ్చగా ఉంది, మా కుర్రోడు రబ్బరు పట్టుకుని రెడీగా ఉన్నాడు.

డాబాగార్డెన్స్_పానా: రుద్దెయ్, ఇరవయ్యేళ్లుగా మేం చేసేదదే.

గాజువాక_నైట్‌షిఫ్ట్: రుద్దకు! ఆ బంగారు పూత చాలా పల్చన, రబ్బరు గీకేస్తే కింద లోహానికి మన ఉప్పుగాలి తగిలి ఇంకా తొందరగా పోద్ది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పీచు రాలని గుడ్డ చాలు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు వేలితో పట్టుకో, గాలికి గిరగిరా తిరిగితే బేరింగులు పాడవుతాయి.

రుషికొండ_రూట్: సరే, బ్యాటరీ నా ఆలోచనలోకి రాలేదు, ఒప్పుకుంటా. కానీ తుప్పు పట్టిందని మీరే అంటున్నారు. కనెక్టర్ల లోపల ఎంత తినేసిందో ఎవరు చూశారు? ఒక డిస్క్ పోతే కొత్తదాన్లోకి డేటా రీబిల్డ్ అయ్యేదాకా మిగతా మూడూ, అవీ అదే వయసువి, ఒత్తిడి తట్టుకోవాలి. బ్యాటరీ వేసి నడిపించండి, ఈలోగా వేరే డిస్క్‌కి బ్యాకప్ తీసి, అది నిజంగా రిస్టోర్ అవుతుందో లేదో ఒక్కసారి చూడండి. ప్రాసెసర్లకి మాత్రం పైసా పెట్టొద్దు.

డాబాగార్డెన్స్_పానా: బ్యాకప్ మాట కరెక్టే. రబ్బరు సంగతి మాత్రం ఒప్పుకోను.

పెదవాల్తేరు_లెడ్జర్: బ్యాటరీ ఆర్డర్ పెట్టా. కొత్త సర్వర్ మాట టాక్స్ ఆడిట్ల గోల అయ్యాక సార్‌తో మాట్లాడతా. ఒక్కటే చిక్కు, సార్ నన్నడక్కుండా నిన్ననే ర్యామ్ కొనేశారు, డెస్క్‌టాప్‌ది, అన్‌బఫర్డ్. మా పాతవి రిజిస్టర్డ్, సర్వర్లకి వాడే రకం.

గాజువాక_నైట్‌షిఫ్ట్: రెండూ కలిపి పెడితే బూట్ అవదు. సీల్ విప్పకుండా వాపస్ ఇచ్చెయ్.

పెదవాల్తేరు_లెడ్జర్: విప్పేశారు.